బుద్రి వాళ్ళమ్మ మెడలో రూపాయి

నవంబరు 4, మంగళవారం

పొద్దున్నుంచి పదకొండు ఫోటోలు. పదకొండూ మెరుపులే. అందరికీ ఒకటే జవాబు — "మెరుపు. తర్వాతిది." రాయగడ కుర్రాడెవడో ఏడుపు బొమ్మ పెట్టాడు. దాన్ని చూస్తూ టీ తాగాను. బాగుంది టీ.

ఆ వీడియోలు చేసేవాళ్ళని ముందు తన్నాలి. "మీ ఇంట్లో ఈ రూపాయి ఉందా, అయితే మీరు లక్షాధికారులే" అంటారు. ఇక ప్రతివాడూ గల్లాపెట్టె బోర్లించడం, ట్యూబులైటు కింద ఫోన్ పెట్టి నొక్కడం, "అమ్మగారూ, డబుల్ డైయేనా" అని నా మొహాన కొట్టడం.

మా నాణేల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ టైపు చేసి పెట్టాను, ఎన్నోసారో. టంకశాలలో అచ్చు తయారుచేసేటప్పుడే రాత రెండుసార్లు పడితే, ఆ అచ్చుతో కొట్టిన నాణెం మీద అక్షరాలు జంటగా లేస్తాయి. అది డబుల్ డై. రెండో అక్షరానికీ ఎత్తు ఉంటుంది, కొసల దగ్గర చీలిక ఉంటుంది, తనదంటూ నీడ ఉంటుంది. దీపం ఎటు జరిపినా అది జరగదు. మీరు పంపేది అక్షరం అంచు మీద పడ్డ వెలుగు. దీపంతో పాటు అదీ జరుగుతుంది. దేవుడు కళ్ళిచ్చాడు, వాడండి.

ఆఖరి మాట తీసేద్దామనుకున్నాను. ఉంచాను.

మా ఆయన ఉన్న రోజుల్లో నాణేలు కొన్నది ఆయన, ఏది అసలో చెప్పింది నేను. ఆయన పోయి ఆరేళ్ళు. గ్రూపులో ఇప్పటికీ స్టూడియో అమ్మగారు ఏమంటే అదే. ఇంతవరకు ఒక్కటి తప్పలేదు.

నవంబరు 6, గురువారం

సాయంత్రం వీధి బల్బులకి గడ్డాలు మొలిచాయి. మంచు కాబోలు, ఈసారి బేగి దిగింది.

నవంబరు 7, శుక్రవారం

సంత. మధ్యాహ్నం దాకా జెరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు, గొడవ. అప్పుడొచ్చింది బుద్రి. కాఫీ గింజలు ఏరే పనికెళ్ళే బుద్రి, ఏటా వాళ్ళ పొదుపు సంఘం ఫోటోకి నా దగ్గరికే వచ్చేది. తలకి నూనె లేదు. వాళ్ళమ్మ పోయి పది రోజులట.

వాళ్ళమ్మని నేనూ చూశాను. మెడలో రాజు బొమ్మ వెండి రూపాయిల దండ, ఒక్కో రూపాయికీ చిన్న రింగు అతికించి దారానికి గుచ్చినది. ఇప్పుడు అది ముగ్గురు కూతుళ్ళది.

"అక్కలిద్దరూ కరిగించీసి మూడు ముద్దలు సేద్దాం అంటన్నారమ్మా. వచ్చే సంతకే. నానొద్దంతన్నాను. ఒక రూపాయిలో రాత జంటగా ఉన్నాది. మీరు సూసి మంచిదని సెప్పితే, ఆ ఒక్కటీ అమ్మీసి అక్కలకి ఇచ్చీసి, దండ దండలాగే ఉంచుకుంతాను."

అయితే దండ పట్రా అన్నాను. కుదరదట. పోయిన మనిషి దండని ఆవిడ చీరలోనే మూటకట్టి పెద్దకూతురింటి దూలానికి వేలాడదీస్తారు. పంపకం రోజు దాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. "విప్పితే అమ్మ తిరిగొచ్చి అడుగుతాది." ఉన్నవల్లా ఫోన్లో రెండు ఫోటోలు. పోయిన నెల చోళ్ళు చెరుగుతున్న తల్లిని తీసినవి. రెండూ నా నంబరుకి పంపింది.

మొదటిది తెరిచాను. ముసలమ్మ ఎండకి ఎదురుగా కూర్చుని నవ్వుతోంది. గుండెల నిండా ఎండే. పెద్దది చేసి చూశాను. రింగు కింద, అరగకుండా మిగిలిన ఆరు అక్షరాలు. జంటగానే కనిపించాయి. ఈమధ్య నా దగ్గరికొచ్చే ప్రతి ఫోటోలోనూ జంటగానే కనిపిస్తున్నాయి. ఎన్ని చూస్తే అంత అనుభవం.

"మెరుపు" అన్నాను.

"రెండోది కూడా సూడండమ్మా."

"ఏడ్చిన కళ్ళకి అన్నీ రెండుగానే కనపడతాయే. పో, మొహం కడుక్కుని మీ అక్కలు చెప్పినట్టు విను."

జెరాక్సుల కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. బుద్రి కూడా కొంచెం నవ్వింది, వాళ్ళతో పాటు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడిస్తే పోయేది.

నవంబరు 8, శనివారం

బుద్రి మొదటి ఫోటోలోంచి ఆ రూపాయి వరకు కత్తిరించి గ్రూపులో పెట్టాను. కింద రాశాను — "ఎండకి ఆశ కలిపితే డబుల్ డై." నవ్వులే నవ్వులు. పార్వతీపురం మాస్టారు ఒక్కడే నవ్వలేదు. "ఇంకో కోణంలో ఫోటో ఉంటే పెట్టండమ్మా. ఆ కొస దగ్గర ఏదో చీలికలా ఉంది."

అక్కర్లేదు అని పెట్టాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అనుకుంటున్నాడేమో. అనుకోనీ. రిటైరయిన లెక్కల మాస్టారు, ఆయనకి నాణేల సంగతి ఏం తెలుసు.

నవంబరు 11, మంగళవారం

మళ్ళీ వచ్చింది. ఉత్త చేతులతో కాదు, రెండు గుమ్మడికాయలు. కౌంటరు మీద పెట్టి అలాగే నిలబడింది.

"రెండోది మీరు సూడనేదు కదమ్మా."

చూడక్కర్లేదే అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది. "గింజలు మేం ఎండలో ఏరమమ్మా. ఎండలో మంచిదీ మెరుస్తాది, పాడుదీ మెరుస్తాది. ఎండకి ఈపు పెట్టి, మన నీడ గింజల మీద పడేలాగ కూకుని ఏరతాం. రెండో ఫోటో తీసినప్పుడు మాయమ్మ మీద నా నీడ పడిపోనాది. అందులో ఎండ నేదు. అందులోనూ రాత జంటే ఉన్నాది. ఎండ నేకండా మెరుపు ఎలాగొత్తాదమ్మా?"

ఈ పేజీకి తప్ప ఎవరికీ చెప్పను: ఆ ప్రశ్న సరైన ప్రశ్న. ఇన్నేళ్ళుగా గ్రూపులో ఒక్కడూ అంత తిన్నగా అడగలేదు. అందుకే ఒళ్ళు మండింది. గింజలేరుకునేది వచ్చి నాకు పాఠం చెబుతుందా.

"కాఫీ గింజలు కావే ఇవి. నీకు తెలిస్తే నువ్వే అమ్ముకో, నా దగ్గరికెందుకు?"

"నా మాట ఎవులు నమ్ముతారమ్మా? అక్కలు మీ మాటే నమ్ముతామన్నారు. మీరు ఒక్క ముక్క అంటే సాలు."

"అన్నాను కదా. మెరుపు."

గుమ్మడికాయలు తిరిగి పట్టుకెళ్తుందేమోనని చూశాను. వదిలేసి వెళ్ళింది. సాయంత్రం ఒకటి కోశాను, లోపల బాగా పండింది.

నవంబరు 13, గురువారం

ఆ రెండో ఫోటో ఇంకా తెరవలేదు. తెరిచినా రెండుగానే కనిపిస్తుంది. దేనికి.

నవంబరు 14, శుక్రవారం

అల్లం కోసం సంతకి దిగాను. కంసాలి టార్పాలిన్ కింద ముగ్గురు అక్కచెల్లెళ్ళూ వరసగా కూర్చుని ఉన్నారు. చీర మూట విప్పారు. దారం ఆఖరి కూతురే తెంపాలట. బుద్రి తెంపింది. రూపాయిలు ఒక్కొక్కటీ తుడిచి కంసాలి చేతికిస్తోంది, వాడు మూసలో వేస్తున్నాడు. గ్యాసు మంట నీలంగా, దాని చుట్టూ నాకు ఇంకో మంట.

ఒక రూపాయి దగ్గర ఆగింది. ఎండకి వీపు పెట్టి, ఒళ్ళో నీడలో పెట్టుకుని చూసింది. పెద్దది కసిరింది — "బేగి కానీయే. అమ్మగారు సెప్పినారు కదా." అప్పుడు బుద్రి తలెత్తి చూస్తే, అల్లం సంచీతో నేను.

రూపాయి నా వైపు ఎత్తి చూపించింది. అంత దూరం నుంచి నాకు తెల్లటి చుక్క తప్ప ఏమీ కనపడలేదు.

తలూపాను. వెయ్యి, అని.

వేసింది.

నవంబరు 15, శనివారం

చిక్కుడుకాయ కూర. ఉప్పెక్కువైంది.

నవంబరు 19, బుధవారం

కొత్తగా చేరినవాళ్ళకి చూపిద్దామని ఆయన పెట్టెలోంచి రెండు నాణేలు తీశాను. ఒకటి అసలైన డబుల్ డై, ఇంకోటి మామూలుది. పక్కపక్కన పెట్టి భూతద్దం పట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో తెలియలేదు. తుడిచాను. అద్దం తుడిచాను. దీపం మార్చాను. చివరికి వెనక ఆయన అంటించిన చీటీ చదివి తెలుసుకున్నాను.

కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. పొగలో ఉన్నట్టుంది గాని, మామూలుది మామూలుగానే ఉంది. ఎడమది మూసి కుడితో — ప్రతి అక్షరానికీ ఒక తోడు. నేను భూతద్దం పెట్టేది కుడి కంటికే.

వానాకాలం నుంచే ఇలా ఉంది. బల్బులకి గడ్డాలు, జీపు లైట్లకి మీసాలు. మంచు అనుకున్నాను. కాదు... మంచు అని రాసుకున్నాను. అన్నీ రెండుగా కనిపించేవాళ్ళు ఏం చేయాలి? అన్నిటినీ మెరుపు అనేస్తే సరి. నూటికి తొంభై తొమ్మిది అదే కదా. నన్ను పట్టుకునేవాడెవడు.

నవంబరు 20, గురువారం

ఎవరికీ చెప్పను.

నవంబరు 24, సోమవారం. విశాఖ

శుక్లం. రెండు కళ్ళకీ. కుడిది బాగా ముదిరింది.

డాక్టరు చిన్నపిల్ల, నా చెల్లెలి కూతురి వయసు. "వెలుగు చెదిరినట్టు ఉంటుందా అమ్మా? ఒకటి రెండుగా కనిపిస్తుందా?"

"అప్పుడప్పుడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులు."

నవ్వింది. "పది రోజుల్లో ఇంత ముదరదండీ." తర్వాత నా పని ఏమిటని అడిగింది. స్టూడియో అన్నాను. నాణేల మాట ఎత్తలేదు. "మరి ఇన్నాళ్ళూ ఎలా పని చేశారు?" అంది. దానికి జవాబు అక్కర్లేదు అన్నట్టు ఏదో రాసుకుంటూ పోయింది.

నవంబరు 26, బుధవారం

కుడి కంటికి ఆపరేషన్. పావుగంట కూడా పట్టలేదు. ఇంత చిన్న పనికి ఇంత భయపడ్డానా.

డిసెంబరు 1, సోమవారం

అరకు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషన్ పేరూ చదువుకుంటూ వచ్చాను, పలక పట్టిన పిల్లలాగ. షాపు తెరిస్తే ఎంత దుమ్మో. అద్దంలో మొహం ఎన్ని ముడతలో. ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదు. నాకు చెప్పే ధైర్యం ఎవరికుంది.

మధ్యాహ్నం కూర్చుని వానాకాలం నుంచి నేను చెప్పినవన్నీ మళ్ళీ చూశాను. మెరుపు, మెరుపు, మెరుపు. నిజంగానే అన్నీ మెరుపులే. నవ్వొచ్చింది. గుడ్డెద్దు చేలో పడ్డా నా అదృష్టం తిన్నగానే నడిపించింది అనుకున్నాను.

ఇక మిగిలింది బుద్రిది.

మొదటి ఫోటో. ఎండ, ముసలమ్మ, నవ్వు. అక్షరాల అంచున మెరుపు ఉన్న మాట నిజం. ఆ మెరుపు పక్కన, దానితో సంబంధం లేకుండా, రెండో అక్షరం.

రెండోది తెరిచాను. ఇన్నాళ్ళూ దాని మీద డౌన్‌లోడ్ బాణం గుర్తు అలాగే ఉంది, ఒక్కసారీ నొక్కలేదు. బుద్రి నీడ తల్లి గుండె మీద పడి ఉంది. ఎక్కడా మెరుపు లేదు. ఆరు అక్షరాలు, ఆరింటికీ జంట. ఒకే పక్కకి, ఒకే దూరం. కొసల దగ్గర చీలిక. ఒక్కోదానికీ తన నీడ.

అరగంట చూశాను. ఇలాంటిది ఆయన పెట్టెలో కూడా లేదు.

డిసెంబరు 2, మంగళవారం

అన్నం దిగలేదు.

కంసాలి మూసలో వేసినప్పుడు చప్పుడు వచ్చిందా? గుర్తు లేదు. సంత గోలలో ఏం వినపడుతుంది.

డిసెంబరు 3, బుధవారం

మాస్టారు విడిగా మెసేజి పెట్టాడు. "అమ్మా, ఆరోజు మీరు పెట్టిన రూపాయి మనసులోంచి పోవడం లేదు. ఆ నాణెం ఎవరిదో చెబితే నేనే వచ్చి చూసుకుంటాను. మీ మాట కాదనడానికి కాదు."

నీలం గీతలు పడ్డాయి, చదివానని తెలిసిపోయింది. ఏం పెట్టను? కరిగిపోయింది అంటే ఎందుకు కరిగింది అంటాడు. మంచివాడు కాబట్టి గ్రూపులో అనడు. ఆ మంచితనమే ఎక్కువ నొప్పి.

గ్రూపులో పాత పోస్టు తీసేశాను. "ఎండకి ఆశ కలిపితే" అన్నది ఇప్పటికే ఎవడో సామెతలా వాడుకుంటున్నాడు.

డిసెంబరు 5, శుక్రవారం

బుద్రి వచ్చింది. సంగతి తెలిసిపోయి వచ్చిందనుకున్నాను.

కాదు. ఫోటో కోసం. "మాయమ్మ నవ్వుతున్నాది కదా, ఎండలో తీసినది, అది పెద్దది సేసి ఫ్రేము కట్టి ఇవ్వండమ్మా. దండ ఎలాగూ నేదు. ఫోటోలోనైనా ఉంతాది." చేతికి కొత్త వెండి కడియం. తన వాటా ముద్దతో చేయించుకుందట. మణికట్టుకి వదులుగా ఉంది, మాట్లాడుతూ పైకి తోసుకుంటోంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. ఆమే ముందు అంది:

"మీరు నిజం సెప్పినారు కాబట్టి సరిపోనాదమ్మా. అది మంచి రూపాయే అయ్యుంటే, నా సేత్తో నానే మంటలో ఏసినాను కదా అని సచ్చిపోదును."

ఎంత హాయైన మాట నాకు. ఇక చెప్పకపోవడం కూడా దయే అయిపోయింది. ఇలాంటి దయ నాలాంటిదానికి బాగా అతుకుతుంది. సిగ్గు లేకుండా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

"డబ్బులొద్దులే" అన్నాను.

అనుమానంగా చూసింది. ఇన్నేళ్ళలో నేను ఎవరికీ ఊరికే ఇచ్చింది లేదు.

డిసెంబరు 8, సోమవారం

కంప్యూటర్లో పెద్దది చేశాను. తలుపు దగ్గర నిలబడి చూసినా అక్షరాలు జంటగా కనిపిస్తున్నాయి. ఇది రోజూ ఆమె గోడ మీద ఉంటుంది. ఆమె కళ్ళేమో గింజలో గింజ పట్టే కళ్ళు.

పెళ్ళి ఫోటోల్లో మొటిమలు చెరపడం నాకు చిటికెలో పని. ఆరు అక్షరాలు ఎంతసేపు.

డిసెంబరు 9, మంగళవారం

పొద్దున్నే కూర్చున్నాను. ఒక్కో అక్షరం పక్కనున్న తోడుని వెండి రంగుతో మూసేస్తూ వచ్చాను. కొత్త కన్ను బాగా పనిచేస్తోంది, గీత కూడా వణకలేదు. నాలుగు అయ్యాయి.

"ఏటి సెరుపుతున్నారమ్మా?"

వెనకే ఉంది. ఎప్పుడొచ్చిందో. కాఫీ మిషను దగ్గర కరెంటు లేదట, పని లేక ఇటొచ్చిందట.

"మెరుపు" అన్నాను. "ఎండ ఎక్కువ పడింది, కొంచెం తీస్తున్నాను."

"ఉంచీయండమ్మా. మాయమ్మ మీద పడిన ఎండే కదా. అది కూడా తీసీత్తే మరేటి మిగుల్తాది?"

ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తోడక్షరాలు మళ్ళీ లేచి కూర్చున్నాయి. బుద్రి ముందుకి వంగింది. కిటికీలోంచి వెలుగు తెర మీద పడుతోందని ఒళ్ళు అడ్డం పెట్టింది, నీడ చేసుకుంది. చూసింది. కడియం పైకి తోసుకోవడం ఆపేసింది.

శుక్రవారం వచ్చి తీసుకుంటానని వెళ్ళిపోయింది.

డిసెంబరు 11, గురువారం

ఫ్రేము కట్టాను. మంచి కర్రది.

డిసెంబరు 12, శుక్రవారం

రాలేదు.

సంతకి మాత్రం వచ్చిందట. పక్క కొట్టావిడ చెప్పింది. చోళ్ళు అమ్ముకుని, నా షాపు ముందు నుంచే జీపెక్కి వెళ్ళిందట. ఇటు చూడను కూడా లేదట.

నాలుగింటికి ఫోన్ చేశాను. నేను, ఒకరికి, నా అంతట నేను. ఎత్తింది.

"ఫోటో తయారైందే బుద్రీ."

కోడి అరుపు, ఎవరో పిల్లల మాటలు. తర్వాత మెల్లగా అడిగింది. కోపం లేదు, అదే భరించలేకపోతున్నాను.

"అమ్మా, ఆయేళ సంతలో మీరు తలూపినప్పుడు... మీకు తెలుసా?"

ఏదో గొణిగాను. కంటి ఆపరేషన్ అన్నాను, విశాఖ అన్నాను, నాకే సరిగ్గా వినపడలేదు. లైను తెగిపోయింది. సిగ్నలో, ఆమో. మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది.

రేపు తొలి జీపుకి నేనే వాళ్ళ ఊరు వెళ్ళాలి. ఫ్రేము చీరలో చుట్టి సంచీలో పెట్టాను. ఆమె అడుగుతుంది. నాకు కనిపించలేదు అని చెప్పాలా, నేను చూడలేదు అని చెప్పాలా.